రియాక్టరు మీద కట్టిన ల్యాప్‌టాప్

2001 వేసవిలో నన్ను క్వాలిటీ విభాగం నుంచి డిస్పాచ్‌కు మార్చారు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో గ్లాస్‌లైన్డ్ రియాక్టర్లు తయారుచేసే కర్మాగారం మాది. నా హోదా డిప్యూటీ మేనేజరు, ఇన్‌స్ట్రుమెంటేషన్. అంటే కొలిచే పరికరాలన్నీ నా చేతి కింద ఉండేవి. పరికరాల మనిషిని తీసుకెళ్లి సరుకు పంపేచోట కూర్చోబెట్టడమేమిటని క్యాంటీన్‌లో చాలామంది నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. మా వర్క్స్ మేనేజరే అడిగి మరీ నన్ను వేయించుకున్నారని నాకు తెలుసు. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

మా సరుకు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. గ్లాస్‌లైన్డ్ రియాక్టరు అంటే మందుల కంపెనీల్లో ఆసిడ్లతో వంట చేసే పెద్ద ఇనుప గాబు. లోపలి గోడకంతా ముదురు నీలం గాజు పూత ఉంటుంది. గాజు పొడి చల్లి, కొలిమిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్లీ చల్లి, మళ్లీ కాల్చి, పొర మీద పొర ఎక్కిస్తాం. ఇనుమును ఆసిడ్ తినేస్తుంది, గాజును తినలేదు. అయితే ఇనుము దెబ్బకు ఓర్చుకుంటుంది, గాజు ఓర్చుకోదు. బయట చిన్న సొట్ట కూడా పడకుండానే లోపల వెంట్రుకవాసి పగులు వస్తుంది. చిన్న పగులైతే అక్కడికక్కడ మరమ్మతు చేయవచ్చు. పెద్దదైతే రియాక్టరును వెనక్కి తెచ్చి, గాజంతా గీకేసి, మొదటి నుంచి కాల్చాలి.

నన్ను మార్చిన కారణం ఆ పగుళ్లే. సోలాపూర్ అవతల ఉన్న ఒక మందుల కంపెనీకి మేము పంపిన రియాక్టర్లలో రెండు, ఒకదాని తర్వాత ఒకటి, పగిలిన గాజుతో తేలాయి. మా దగ్గర బయలుదేరేటప్పుడు స్పార్క్ టెస్ట్ చేసి పంపాం. ఎక్కువ ఓల్టేజీ ఉన్న లోహపు బ్రష్షును గాజు మీద నెమ్మదిగా నడిపిస్తారు. పగులుంటే అక్కడ చిటుక్కుమని నిప్పురవ్వ ఎగురుతుంది. మా టెస్టులో ఒక్క రవ్వ ఎగరలేదు. వాళ్ల టెస్టులో ఎగిరింది. మధ్యలో ఉన్నది రోడ్డు. రోడ్డు మీద ఉన్నది నర్సింలు.

నర్సింలుది కొండాపూర్ మండలం. మా భారీ సరుకంతా అతని ట్రెయిలర్ మీదే వెళ్లేది. బండి యజమానీ అతనే, డ్రైవరూ అతనే. ఆ కంపెనీవాళ్లు రెండుసార్లూ తప్పు డ్రైవరుదేనని తేల్చేశారు. రియాక్టరుకు మేము అంటించే కుదుపు స్టిక్కరు ఒకటుంటుంది. గట్టి కుదుపు తగిలితే దాని మధ్యలో ఉన్న తెల్లటి గొట్టం ఎర్రబడుతుంది. రెండుసార్లూ ఎర్రబడింది. కానీ ఎప్పుడు ఎర్రబడిందో, ఎక్కడ ఎర్రబడిందో ఆ స్టిక్కరు చెప్పలేదు. అది దారిలో జరగవచ్చు, దించేటప్పుడు వాళ్ల క్రేన్ కింద కూడా జరగవచ్చు. అలాంటప్పుడు నింద ఎవరి మీదికి పోతుందో అందరికీ తెలుసు.

నేను డిస్పాచ్‌లో చేరిన వారంలోనే నర్సింలు నా గదికొచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, గుంత కనవడితే నేను బండి ఆపి, దిగి, నడిసి సూసొస్త. గట్ల పోయెటోని చేతుల గీ దెబ్బ ఎట్ల తగుల్తది? రెండుసార్లు నా మీదనే రాసిండ్రు. మూడోసారి గూడ రాస్తే ఇగ మీ గేటు లోపలికి నన్ను రానియ్యరు. భూమి అమ్మి కొన్న బండి సార్ ఇది. జెర మీరే ఏదన్న చెయ్యాలె."

మూడో రియాక్టరు అప్పటికే కొలిమిలో ఉంది. అదీ ఆ కంపెనీకే. ఇంకోసారి పగిలితే నర్సింలును తప్పించి వేరే ట్రాన్స్‌పోర్టరును పెట్టాలని మా వర్క్స్ మేనేజరు నిర్ణయించేశారు. ఆయన చెడ్డవాడు కాడు. కొనేవాడు తిడుతుంటే ఎవరో ఒకరిని మార్చాలి కదా అన్నది ఆయన లెక్క.

నా ఆలోచన తేలికైనదే. స్టిక్కరు చెప్పలేనిది కొలిచే పరికరం చెబుతుంది. కుదుపును పసిగట్టే సెన్సరు ఒకటి మా ల్యాబులో ఉంది. దాన్ని రియాక్టరు కాలికి బిగించి, తీగ ల్యాప్‌టాప్‌కు కలిపితే, ఏ క్షణంలో ఎంత కుదుపు తగిలిందో నమోదవుతుంది. ల్యాప్‌టాప్ క్యాబిన్‌లో ఉంటే కుదరదు. రియాక్టరును క్రేన్ ఎత్తే సమయంలో తీగ పీకేయాల్సి వస్తుంది, మాకు కావలసింది సరిగ్గా ఆ సమయమే. కాబట్టి ల్యాప్‌టాప్‌ను చెక్కపెట్టెలో స్పాంజి మధ్య పెట్టి రియాక్టరు కాలికే కట్టేయాలి. రియాక్టరు ఎక్కడికి పోతే ల్యాప్‌టాప్ అక్కడికి పోతుంది. లెక్కించే ప్రోగ్రాం నేనే రాశాను. మా కంపెనీ మొత్తానికీ అప్పుడు రెండే ల్యాప్‌టాప్‌లు. ఒకటి వర్క్స్ మేనేజరుది, రెండోది నాది. నాదే పెట్టెలో పెట్టాను.

పాత స్క్రాపు పాత్ర ఒకటి ట్రెయిలర్ మీదికెక్కించి, సదాశివపేట దాకా వెళ్లి వచ్చాం. వెళ్లేటప్పుడు అంతా బాగానే ఉంది. తిరుగుదారిలో, స్క్రాపే కదా అని నర్సింలు వేగంగా పోనిస్తే, ఒక కల్వర్టు దగ్గర బండి ఎగిరిపడింది. ఫ్యాక్టరీకి వచ్చి పెట్టె తెరిస్తే ల్యాప్‌టాప్ లోపలి నుంచి గరగర, టక్కుటక్కు. హార్డ్ డిస్క్ పోయింది. దానితోపాటు కొలతలన్నీ పోయాయి. కుదుపును కొలవాల్సిన పరికరం కుదుపుకే చచ్చిపోయింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో మళ్లీ నవ్వారు, ఈసారి నాకు ఒళ్లు మండింది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌లు వాడేవారికి ఇది వింతగా ఉండవచ్చు. ఆ రోజుల్లో హార్డ్ డిస్క్ అంటే లోపల నిజంగానే ఒక పళ్లెం గిర్రున తిరుగుతూ ఉండేది. దాని మీద వెంట్రుక కూడా పట్టనంత ఎత్తులో ఒక చిన్న ముల్లు తేలుతూ చదివేది, రాసేది. పళ్లెం తిరిగేటప్పుడు దెబ్బ తగిలితే ముల్లు పళ్లేన్ని గీరేస్తుంది. పళ్లెం ఆగి ఉంటే ముల్లు ఒక పక్కకు వెళ్లి తన స్థానంలో కూర్చుంటుంది. అప్పుడు ఎంత కుదిపినా దాదాపు ఏమీ కాదు. అంటే నేను చేయవలసింది ఒక్కటే. బండి నడుస్తున్నంతసేపూ కొలతలను మెమొరీలోనే దాచాలి, డిస్కును ముట్టుకోకూడదు. బండి ఆగినప్పుడు మాత్రమే నేను మీట నొక్కి డిస్కులోకి రాయించాలి. మిగతా సమయమంతా డిస్కు ఆగి ఉండాలి.

ఆపడానికి ల్యాప్‌టాప్‌లోనే సదుపాయం ఉంది. పవర్ సెట్టింగ్స్‌లో, డిస్కును కొన్ని నిమిషాలు ఎవరూ వాడకపోతే దానంతటదే ఆగేలా పెట్టవచ్చు. కొత్త డిస్కు వేయించి, ఆ సెట్టింగును అన్నిటికన్నా తక్కువ సమయానికి పెట్టాను. నా ప్రోగ్రాం నడిపించి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. చెప్పిన సమయం దాటింది. డిస్కు ఆగలేదు. ఇంకాస్త చూశాను. ఆగలేదు.

ఆ తర్వాత గడిచిన రోజుల్లో నేను చేసిన పని మా ఆవిడకు కూడా నచ్చలేదు. ఇంటికెళ్లినా ల్యాప్‌టాప్ వెంటే. అన్నం తింటూ దాని మీద చెవి పెట్టేవాణ్ని. డిస్కు ఆగడం లేదంటే, ఎవరో దాన్ని లేపుతున్నారన్నమాట. మెమొరీ చాలనప్పుడు కంప్యూటరు డిస్కునే అదనపు మెమొరీగా వాడుకుంటుంది. ఇంకో మెమొరీ ముక్క కొనిపించి ఆ అలవాటు మాన్పించాను. ఆగలేదు. వైరస్ కాపలా సాఫ్ట్‌వేర్‌ను ఆపేశాను. ఆగలేదు. ఫైళ్ల పేర్లన్నీ పోగుచేసుకుంటూ తిరిగే ప్రోగ్రాం ఒకటుండేది, దాన్నీ తీసేశాను. అయినా డిస్కు లైటు ఉండీ ఉండీ ఒక్కసారి మినుక్కుమనేది. నాకు తెలియకుండా నా ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టే అనిపించేది.

నర్సింలు రోజూ పొద్దున్నే కిటికీలోంచి తొంగి చూసేవాడు. "పండుకుందా సార్?" అనేవాడు. లేదని తల ఊపితే మెల్లగా వెళ్లిపోయేవాడు. మూడో రియాక్టరు కొలిమి నుంచి బయటికొచ్చింది, స్పార్క్ టెస్టూ పాసయింది. పంపాల్సిన రోజు నెత్తిమీదికొచ్చింది.

దొరికిన తీరు చెబుతాను. నా ప్రోగ్రాం తెర మొత్తం నింపేస్తుంది, వెనక ఏముందో కనపడదు. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి దాన్ని కిందికి దించేసి, వెనక తెర మీదికి చూస్తూ కూర్చున్నాను. తెర మీద వెంకటేశ్వరస్వామి ఫొటో ఉంది. లైటు మినుక్కుమంది. స్వామి పోయి మక్కా వచ్చింది. కాసేపాగి మళ్లీ మినుక్కుమంది. మక్కా పోయి ఏసుప్రభువు వచ్చాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కొన్ని రోజులుగా నన్ను ఏడిపిస్తున్నది సాక్షాత్తూ ఆ ముగ్గురేనని అర్థమైంది.

మా షాపు ఆచారం తెలియనివారికి ఇది చెప్పాలి. మా కర్మాగారంలో ఏ కొత్త యంత్రం వచ్చినా, స్విచ్ వేసే ముందు దాని ప్యానెల్ మీద ఒక రేకు బోర్డు బిగించేవారు. బోర్డు మీద మూడు పటాలు, వెంకన్న, మక్కా, ఏసు. మా షాపులో మూడు మతాలవాళ్లూ పనిచేసేవారు. కొబ్బరికాయ డిస్పాచ్ ఫోర్‌మన్ యాదగిరి కొట్టేవాడు, చక్కెర టెక్నీషియన్ సలీం పంచేవాడు. వెల్డర్లలో ఒక పెద్దాయన నాలుగు మాటలు ప్రార్థన చేసేవాడు. క్రేన్‌కు బోర్డుంది, కొలిమికి ఉంది, చివరికి క్యాంటీన్‌లో పిండి రుబ్బే యంత్రానికీ ఉంది. నా ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు దాని మూత మీద ఏమీ అంటించవద్దని నేనే చెప్పాను. అంటించే చోటు లేదు కాబట్టి, కొత్త డిస్కు వేసినప్పుడు సలీం లోపలే పెట్టేశాడు. పటాలను మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి వేశాడు. పటం మారిన ప్రతిసారీ కొత్తది డిస్కులోంచి రావాలి, మారిన సంగతి మళ్లీ డిస్కులోనే రాసుకోవాలి. డిస్కుకు ఇక నిద్రెక్కడిది!

సలీంను పిలిచాను. అతను ఏమీ దాచలేదు, పైగా మురిసిపోయాడు.

"హా సార్, నేనే వెట్టిన. ఒక్క ఫొటోనే వెడితే ఒక్కలకే అయితది గద. అందుకని ముగ్గురికీ బరాబర్ టైం ఇచ్చిన."

నాకు కోపం రావాలి. నా కోపం సంగతి మా షాపంతా ఎరుగును. కానీ ఆ బరాబర్ అన్న మాటకు నవ్వొచ్చేసింది. కుర్చీలో కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. సలీం అయోమయంగా చూస్తూ నిలబడ్డాడు.

వర్క్స్ మేనేజరుకు చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇదేం గోలయ్యా, డిలీట్ చేసి పంపించు" అన్నారు. యంత్రం వరకే చూస్తే అదే సరైన జవాబు. ఒక్క మీట నొక్కితే అయిపోయే పని. కానీ ఆ మీట నేను నొక్కలేదు. ముందు యాదగిరిని అడగాలనిపించింది.

యాదగిరిది పటేల్‌గూడ. అక్కడ వాళ్లకు పాత భూములుండేవి. మా ఫ్యాక్టరీ షెడ్లు లేవకముందు నుంచీ ఆ నేల తెలిసినవాడు. మాట నిదానం, కానీ ఒకసారి అన్నాడంటే మళ్లీ వెనక్కి తీసుకోడు. నేను చెప్పిందంతా విన్నాడు. డిస్కు, ముల్లు, మెమొరీ అన్నీ విన్నాడు. తర్వాత నిదానంగా అన్నాడు.

"సార్, మీరు తీసెయ్యుండ్రి, మేమేం అడ్డం పడం. గని ఒక్క మాట. ఫొటోలు తీసినంక అద్దం పగిలితే, షాపుల అందరు ఏమనుకుంటరు? దేవుణ్ని తీసిండ్రు, అందుకే పగిలిందంటరు. మీ డబ్బా ఏం రాసినా ఎవ్వలు నమ్మరు. నర్సింలు గూడ నమ్మడు. ఇగ గా డబ్బా ఎందుకు సార్?"

ఆ మాటలో తిరుగులేదు. నేను కొలుస్తున్నది కుదుపును. కానీ ఆ కొలత పనికిరావాలంటే దాన్ని నమ్మే మనుషులుండాలి. కంపెనీవాళ్లు నమ్మితే చాలదు. రియాక్టరును ఎత్తేవాళ్లు, కట్టేవాళ్లు, మోసుకుపోయేవాళ్లు కూడా నమ్మాలి. లేకపోతే రేపు ఇంకో పగులొస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఇన్‌స్ట్రుమెంటేషన్ పుస్తకాల్లో ఈ పాఠం నాకెవరూ చెప్పలేదు.

దారి ఒకటే. పటాలుండాలి, మారకూడదు. మారని పటం ఒక్కసారి మెమొరీలోకి వస్తే ఇక డిస్కుతో దానికి పనిలేదు. మూడింటినీ కలిపి ఒకే పటం చేస్తానన్నాను. సలీం వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఐదు నిమిషాల్లోనే తగువు మొదలైంది. మధ్యలో ఎవరుండాలి? యాదగిరి కళ్లు వెంకన్న వైపే ఉన్నాయి. సలీం మక్కాను మధ్యకు జరిపి, యాదగిరి ముఖం చూసి, మళ్లీ పక్కకు జరిపాడు. అంతలో ప్రార్థన చేసే వెల్డరు పెద్దాయన కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. నేను తల పట్టుకున్నాను.

"గంత పరేషాన్ ఎందుకు సార్," అన్నాడు సలీం చివరికి. "క్రేన్ మీద బోర్డు ఉన్నది గద. గాడ ఎవ్వలు ఎక్కడున్నరో ఇన్నేండ్ల సంది ఎవ్వలు అడగలే."

క్వాలిటీ విభాగంలో వెల్డింగు అతుకులను ఫొటోలు తీసే డిజిటల్ కెమెరా ఉండేది. దానితో క్రేన్ ప్యానెల్ మీది రేకు బోర్డునే ఫొటో తీశాం. మసి మరకలు, కుంకుమ బొట్లు, ఎండిన పూలదండ, అన్నీ ఉన్నవున్నట్టే వచ్చాయి. ఆ ఫొటోనే తెర మీద పెట్టాను. పటాలు మార్చే ప్రోగ్రాంను సలీం చేతనే తీయించాను. యాదగిరి దూరం నుంచి చూసి తల ఊపాడు. మధ్యలో ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

నా ప్రోగ్రాంను పటం కనబడేలా చిన్నగా ఒక మూలకు పెట్టి, మూత వేసి, అందరం చుట్టూ నిలబడ్డాం. పెట్టిన సమయం గడిచింది. లోపలి గుయ్యి చప్పుడు పలచబడింది, సన్నగిల్లింది. చివర్లో టిక్ అని చిన్న శబ్దం. ముల్లు తన స్థానంలో కూర్చుంది. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం నాకెంత తియ్యగా ఉందో చెప్పలేను. యాదగిరి వంగి, మూత మీద చెవి పెట్టి, పైకి లేచాడు.

"పండుకుంది సార్," అన్నాడు.

కిటికీ బయట నర్సింలు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. దండం నాకో, లోపలున్నవాళ్లకో నేను అడగలేదు.

మరునాడు పొద్దున బయలుదేరాం. ట్రెయిలర్ ముందు, నేను జీపులో వెనక. రియాక్టరు కాలికి సెన్సరు, దాని పక్కనే చెక్కపెట్టె. ల్యాప్‌టాప్‌కు కరెంటు ట్రెయిలర్ బ్యాటరీ నుంచి. సంగారెడ్డి దాటి, జహీరాబాద్ దాటి, కర్ణాటకలోకి దిగి, అక్కడి నుంచి మహారాష్ట్రలోకి. టీ కోసమో, డీజిల్ కోసమో, చెక్‌పోస్టు దగ్గరో బండి ఆగినప్పుడల్లా నేను పైకెక్కి, పెట్టె తెరిచి, మీట నొక్కేవాణ్ని. డిస్కు లేచి, రాసుకుని, మళ్లీ పడుకునేది. అది పడుకుందని చెవితో విన్నాకే చెయ్యి ఊపేవాణ్ని. అప్పుడు గాని నర్సింలు గేరు వేసేవాడు కాదు.

అతని డ్రైవింగు ఆ ప్రయాణంలోనే దగ్గరగా చూశాను. సందేహం వచ్చినచోట నిజంగానే బండి ఆపి దిగేవాడు. చెప్పుతో గుంత లోతు చూసేవాడు. అవసరమైతే చెక్క పలకలు పరిచి, ఒక్కొక్క చక్రాన్నీ పలక మీదికి ఎక్కించి దాటించేవాడు. వెనక లారీవాళ్లు హారన్లు కొట్టేవారు, నానా తిట్లూ తిట్టేవారు. అతను తల కూడా తిప్పేవాడు కాదు.

రెండో రోజు వాళ్ల ఫ్యాక్టరీ చేరాం. అక్కడి ప్రాజెక్టు ఇంజనీరు మర్యాదస్థుడు, హిందీలో ఆప్యాయంగా పలకరించాడు. కానీ వారి క్రేన్ వేరే పనిలో ఉంది, ఇంకాస్త ఆగమన్నారు. ఇంకాస్త, ఇంకాస్త అంటూ మధ్యాహ్నం దాటింది. దించే ముందు ట్రెయిలర్ కరెంటు తీగ పీకేయాలి కాబట్టి అప్పటికే పీకేశాం. ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ మీద నడుస్తోంది. డిస్కు తిరుగుతూ ఉంటే ఆ బ్యాటరీ అంతసేపు వచ్చేదే కాదు. డిస్కు ఆగి ఉంది కాబట్టి వచ్చింది.

క్రేన్ వచ్చింది. ఎత్తడానికి స్లింగులు, అంటే ఉక్కుతాళ్లు, కట్టారు. నేను పైకెక్కి, అప్పటిదాకా ఉన్నది డిస్కులోకి రాయించి, ఎత్తడం, అంటే లిఫ్టు, మొదలైందని గుర్తు పెట్టే మీట నొక్కాను. మూత వేశాను. డిస్కు ఆగేదాకా క్రేన్ ఆపరేటరును చేత్తో ఆపాను. అతను విసుక్కున్నాడు, పర్వాలేదు. టిక్ విన్నాక దిగి పక్కకొచ్చాను.

రియాక్టరు నెమ్మదిగా లేచింది. ట్రెయిలర్‌ను దాటింది. పునాది మీదికి వచ్చి దిగుతుండగా ఒక వైపు స్లింగు జారింది. అంత బరువూ ఒక్కసారి పక్కకు వాలి, నా పెట్టె కట్టి ఉన్న కాలే పునాది అంచుకు ఠంగుమని తగిలింది. నర్సింలు నా చెయ్యి పట్టుకున్నాడు.

రియాక్టరు కూర్చున్నాక వాళ్లు స్పార్క్ టెస్టు మొదలుపెట్టారు. అడుగున గొట్టం కలిపే మూతి, నాజిల్ దగ్గర నిప్పురవ్వ ఎగిరింది. పగులు. స్టిక్కరు ఎర్రబడి ఉంది. ప్రాజెక్టు ఇంజనీరు నిట్టూర్చి, రోడ్డు ఇంకా బాగుపడలేదన్నమాట అన్నాడు, నర్సింలు వైపు చూడకుండానే.

నేను పెట్టె విప్పాను. చివరిసారి డిస్కులోకి రాసింది క్రేన్ ఎత్తే ముందు. అక్కడి నుంచి జరిగిందంతా మెమొరీలోనే ఉంది. ఆ దెబ్బకు డిస్కు పోయి ఉంటే, ఆ కొలతలన్నీ బ్యాటరీతోపాటే ఆరిపోతాయి. మూత తెరిచాను. ముగ్గురూ రేకు బోర్డు మీద తమ తమ చోట్ల ఉన్నారు. మీట నొక్కాను. ఏ చప్పుడూ లేదు. నర్సింలు ఊపిరి నా మెడకు తగులుతోంది. ఒక క్షణం, ఇంకో క్షణం. తర్వాత సన్నగా గుయ్యిమంది. పళ్లెం తిరిగింది. లైటు వెలిగింది, రాసింది, ఆరింది. గరగర లేదు, టక్కుటక్కు లేదు.

గ్రాఫు తెర మీద వేశాను. పటాన్‌చెరు నుంచి అక్కడి దాకా చిన్న చిన్న గీతలు. ఎక్కడా మా డిజైనువాళ్లు పెట్టిన హద్దులో సగం కూడా దాటలేదు. చివర్లో నేను పెట్టిన గుర్తు, లిఫ్టు మొదలు. ఆ గుర్తు తర్వాత ఒకే ఒక్క గీత, తెర పైఅంచు దాకా. ప్రాజెక్టు ఇంజనీరు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత క్రేన్ వైపు చూశాడు. ఈ మరమ్మతు తమ బాధ్యత అన్నాడు, అంతకుముందున్నంత మర్యాదగానే. పాత రెండింటి గురించి రుజువు ఎవరి దగ్గరా లేదు. అయినా నర్సింలు మీద పెట్టిన ఫిర్యాదులు రెండూ వారు వెనక్కి తీసుకున్నారు. అది వారి పెద్దమనసు.

తిరుగు ప్రయాణంలో మొదటి టీ దగ్గర నర్సింలు గ్లాసు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మంచిగ నడిపిన సార్, మంచిగ నడిపిన అని నెత్తి నోరు కొట్టుకున్న. ఒక్కడు ఇనలే. ఇయ్యాల డబ్బా చెప్తే ఇన్నరు," అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "జల్దీ తాగుండ్రి, బండి ఖాళీగున్నది, ఉరికిచ్చుకుంట పోదాం" అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

నేను రిటైరయ్యేదాకా మా డిస్పాచ్ పద్ధతిలో ఆ పెట్టె ఉండిపోయింది. డిస్కు ఆగిందని చెవితో విని నిర్ధారించాకే బండి కదలాలన్న నిబంధన నేనే రాశాను. నర్సింలు మా సరుకునే మోశాడు. ఆ పెట్టె తయారుచేసినందుకు, అందులోని ప్రోగ్రాం రాసినందుకు నాకు ఇప్పటికీ గర్వమే. అంతకన్నా గర్వం, వర్క్స్ మేనేజరు నొక్కమన్న ఆ ఒక్క మీట నొక్కనందుకు. నా వృత్తిలో కొత్తగా చేరేవారికి చెప్పదగింది ఇంతే. ఖాళీగా ఉండాల్సిన యంత్రం ఆగడం లేదంటే, ఎవరో దానికి ఏదో పని అప్పగించి ఉంటారు. ఆ పనిని తీసేసే ముందు, అది ఎవరు అప్పగించారో, ఎందుకు అప్పగించారో వెళ్లి అడగండి.